కాజాల పిన్నిని నేను క్షమించిన కథ

మా కుట్టుషాపులో పనిచేసే కాజాల పిన్ని గురించి ఇదివరకే ఒకసారి రాశాను. ఫోనులో రాశాను. నాలుగు వేల మందికి పైగా చదివి మెచ్చుకున్నారు. అందులో ఉన్నది ఆమె కాదు. ఆమె ఎలాంటి మనిషో, ఆమెకు నేనేం చేశానో ఈసారి ఉన్నదున్నట్టు చెప్పడానికి చూస్తాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను పొగుడుకుంటున్నట్టు అనిపిస్తే అది పాత జబ్బు, పట్టించుకోకండి.

చొక్కాకో కోటుకో బొత్తాం దూరే చీలికను మేం కాజా అంటాం. మిషను మీద కొట్టే కాజా వేరు, చేత్తో కట్టే కాజా వేరు. చేతి కాజాకి ముందు గుడ్డను చీల్చాలి. ఆ తర్వాత అంచు పీచులు లేవకుండా చుట్టూ దారం ముడి పక్కన ముడిగా కట్టుకుంటూ రావాలి. పిన్ని ముప్పై నాలుగేళ్లుగా చేస్తున్న పని ఇదే. కిటికీ పక్క మూలలో పొట్టి స్టూలు, ఒళ్లో గుడ్డ, మధ్యవేలికి ఇత్తడి తొడుగు, పక్కనే అరిగిపోయిన మైనం ముక్క. దారాన్ని ఆ మైనం మీద రెండుసార్లు లాగి, సూదిలోకి ఒక్క ప్రయత్నంలో ఎక్కించేది. కోసేముందు బొత్తాన్ని గీత మీద పెట్టి బొటనవేలితో నొక్కి కొలత చూసుకునేది. ఊపిరి బిగబట్టి చీల్చాకే వదిలేది. ఇంతా చేస్తే, బాగా కుదిరిన కాజా వైపు ఎవరూ చూడరు. బొత్తాం పెట్టేసుకుని వెళ్లిపోతారు.

నేను మా నాన్న దగ్గర పని నేర్చుకునేటప్పటికే ఆమె ఆ మూలలో కూర్చుని ఉంది. నన్ను "చిన్న మాస్టారూ" అని ఆటపట్టించేది. నాన్న పోయిన వారానికి షాపు తెరిస్తే, ఎవరూ చెప్పకుండానే ఆ "చిన్న" తీసేసింది. భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్కు, ఆయన పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కూతురూ పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది. పిన్ని లాండ్రీ షాపు వెనకాల ఒంటి గదిలో ఉంటుంది. పెద్దగా మాట్లాడదు గాని, మాట్లాడితే నవ్వకుండా నవ్విస్తుంది. ఏడాదికో రెండంగుళాలు పొట్ట పెరిగే ఒక పెద్దమనిషి కోటు తెచ్చి బొత్తాలు ఊడుతున్నాయని దెబ్బలాడితే, ఆయన వెళ్లాక తాపీగా, "కాజాలు కడతాను గాని మాస్టారూ, గోడ కట్టమంటే నావల్ల కాదు" అంది.

మధ్యాహ్నం మూడు దాకా మా షాపు. ఆ తర్వాత మా వీధిలోనే ఉన్న ఇంకో మూడు షాపులు తిరిగి మూటలు తెచ్చుకుని, ఇంటి దగ్గర చేసి ఇచ్చేది. చివర్లో ఉన్న సూట్ల షాపు, ఆడవాళ్ల బట్టలు కుట్టే ఆవిడ షాపు, బడి యూనిఫాంల షాపు. నాలుగు చోట్లా పనుంటేనే ఆమెకు నెల గడిచేది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది, మా నాన్న పెట్టింది. గీత మాస్టరు గీస్తాడు, కాజా పిన్ని కోస్తుంది. గీత లేనిచోట ఆమె కత్తెర పెట్టకూడదు. గీసినవాడు తర్వాత నేను గియ్యలేదని అనకూడదు. చీరిన గుడ్డను మళ్లీ ఎవరూ మామూలుగా చెయ్యలేరు కాబట్టి, ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో తెలిసి ఉండాలని ఆయన అనేవాడు. ఈ పద్ధతిని ముప్పై నాలుగేళ్లలో తప్పింది నేనొక్కణ్నే.

ఇక నా సంగతి. అయిదేళ్ల క్రితం బస్సులో ఒక ముసలాయనకు సీటు ఇచ్చాను. ఇచ్చానని ఫోనులో పెట్టాను. రెండు వందల మంది మెచ్చుకున్నారు. సీటు ఇచ్చినప్పుడు కలగని ఆనందం ఆ రెండు వందలు చూస్తే కలిగింది. అప్పట్నుంచి "పూటకో మంచి మాట" అని ఒక పేజీ నడుపుతున్నాను. పొద్దున్నే షట్టరు ఎత్తకముందే దయ మీదో, ఓర్పు మీదో నాలుగు ముక్కలు పెట్టందే నాకు కాలూ చెయ్యీ ఆడదు. "కోపం ముందు మనల్నే కాలుస్తుంది" అని ఒకవైపు బొటనవేలితో కొడుతూ, ఇంకోవైపు జేబు వంకరగా కుట్టిన మిషను అతన్ని నోటితో కడిగేసిన రోజులున్నాయి. మా ఆవిడ షాపులోనే ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటుంది, అన్నీ వింటుంది. "ఆ ఫోనులో ఉండే ఆయన్ని ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి, నాకూ చూడాలని ఉంది" అనేది. నవ్వేసేవాణ్ని. వేళాకోళం అనుకున్నాను, కాదు.

పోయిన ఏడాది పిన్ని చేతుల మీద ఒక వీడియో పెట్టాను. మైనం, సూది, ముడతలు పడ్డ వేళ్లు. కింద "ఈ చేతులకు విలువ ఇద్దాం" అని రాశాను. వీధిలో అందరూ చూశారు. ఆ మూలలో ట్యూబులైటు కొట్టుకుంటోందని, మార్చమని పిన్ని అప్పటికి మూడుసార్లు అడిగింది. వచ్చే వారం అన్నాను. వీడియో సరిగ్గా రావడానికి మాత్రం ఇంటి నుంచి పెద్ద లైటు తెచ్చి ఆమె నెత్తి మీద పెట్టాను. తీయడం అయిపోగానే దాన్ని మళ్లీ ఇంటికి పట్టుకెళ్లాను. ఈ మాట రాస్తుంటే నాకు చెంపలు మండుతున్నాయి.

నర్సింగు స్కూలు నుంచి ఆడపిల్లల తెల్ల కోట్లు కుట్టే పని వచ్చింది. ముప్పై ముందే ఇచ్చేశాం, పన్నెండు మిగిలాయి. మగవాళ్ల కోటుకి కాజాలు ఎడమ పక్కన వస్తాయి, ఆడవాళ్లకి కుడి పక్కన. ఇది మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. ఆ పొద్దున నేను పెట్టిన మంచి మాట "ఎదుటివాళ్లు చెప్పేది వినడం కూడా దయే" అని. ఎవడో దాని కింద "మాటలేనా, చేతలు కూడా ఉన్నాయా?" అని రాశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడికి శాంతంగా, వాడి నోరు మూతపడేలా ఎలా జవాబివ్వాలా అని ఎడమచేత్తో ఫోను పట్టుకుని ఆలోచిస్తూ, కుడిచేత్తో నీలం సుద్దతో గీతలు గీసుకుంటూ పోయాను. రోజూ మగవాళ్ల చొక్కాలు గీసే చెయ్యి అది. పన్నెండు కోట్లకూ ఎడమ పక్కనే గీసేసింది.

పిన్ని మొదటి కోటు తీసుకుని, బొత్తాం గీత మీద పెట్టి ఆగిపోయింది. లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఇవి ఆడపిల్లలవి కదా. గీతలు ఎడమ పక్కన పడ్డట్టున్నాయి. ఒకసారి చూస్తారా?"

నేను తల ఎత్తలేదు. "గీత ఎక్కడుంటే అక్కడ కొయ్యి పిన్నీ. ఆలోచించడానికి నేనున్నాను కదా" అన్నాను.

ఆమె ఇంకోసారి గీత చూసుకుంది. తర్వాత వెళ్లి కూర్చుని కోసింది. మిషన్ల చప్పుడులో ఈ మాటలు విన్నది మా ఆవిడ ఒక్కతే. ఫోనులో నా జవాబు మాత్రం చక్కగా కుదిరింది, దానికి చాలా లైకులు వచ్చాయి.

రెండు రోజులకు నర్సింగు స్కూలు వార్డెను వచ్చింది. ఒక కోటు తొడుక్కుని బొత్తాం పెట్టుకోబోతే చెయ్యి తప్పు పక్కకి వెళ్లింది. సోమవారం తనిఖీ ఉందని, ముప్పై మంది ఒకలా, పన్నెండు మంది ఇంకోలా వరసలో నిలబడితే తన మాట పోతుందని చెప్పింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ దెబ్బలాడేవాణ్నేమో. షాపులో ఇంకో ముగ్గురు ఉన్నారు. వాళ్లలో ఒకాయన అప్పుడే, నా మంచి మాటలు చదివే మా షాపు వెతుక్కుంటూ వచ్చానని చెప్పాడు. ఆయన ముందు నా ముఖం ఎలా ఉంటుందా అన్నదే నాకు ఆ క్షణాన పట్టింది.

"మా పిన్నికి చూపు ఆనడం లేదండీ, పెద్దావిడ" అన్నాను. "నేనే కనిపెట్టి ఉండాల్సింది."

ఆ మాట ఎంత ముచ్చటగా కుట్టానో చూడండి. నింద ఆమెకు పోయింది, మంచితనం నాకు మిగిలింది. వార్డెను మెత్తబడింది. నా పేజీ చదివే ఆయన, పాపం ఆవిణ్ని ఏమీ అనకండి అన్నాడు. ఛ ఛ, నేనేమంటాను అన్నాను.

పిన్ని నా వైపు చూసింది. అందులో కోపం లేదు. నేను నోరు జారానని, ఇప్పుడే సర్దుకుంటానని అనుకుని చూసిన చూపు అది. నేను టేపు చుడుతూ కూర్చున్నాను. ఆమె కళ్లజోడు తీసి పైటతో తుడిచి పెట్టుకుంది. చేతిలో ఉన్న పని పూర్తిచేసి, మూడింటికి సంచి తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఒంట్లో బాగాలేదని లాండ్రీ అతనితో కబురు పంపింది.

అక్కడితో ఆగినా సగం పాపమే అయ్యేది. వార్డెను వచ్చి వెళ్లిన సాయంత్రమే నేను పోస్టు రాశాను. మా షాపులో ఒక పెద్దావిడ పొరపాటు చేసిందని, చూపు మందగించిందని, పన్నెండు కోట్లు పాడయ్యాయని, నేను కోప్పడకుండా ఆమె భుజం మీద చెయ్యి వేసి "పర్లేదు పిన్నీ" అన్నానని, క్షమించడంలో ఉన్న హాయి ఇంకెందులోనూ లేదని. భుజం మీద చెయ్యి నేను వెయ్యనే లేదు. రాస్తుంటే తోచింది, బాగుందని ఉంచేశాను. కింద పోయినేటి చేతుల వీడియో కూడా తగిలించాను. ఇక ఎవరా పెద్దావిడ అని వీధిలో ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

పాడైన కోట్లకి ముందు భాగాలు కొత్తవి వెయ్యాల్సి వచ్చింది. కుట్లు విప్పుతూ మా ఆవిడ ఒక ముక్క తెచ్చి నా ముందు పడేసింది. కాజా పక్కన నీలం సుద్ద గీత ఇంకా అలాగే ఉంది.

"ఈ సుద్ద ఎవరిది?" అంది.

నేను ఆ ముక్కను బల్ల కిందికి తోశాను.

"ఆ రోజు ఆవిడ వచ్చి అడగడం నేను విన్నాను. అందరి ముందూ మీ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. దానికే నాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మీకెలా సయిస్తోంది?"

ఆమె అంతలా అడిగింది. అయినా కదల్లేదు. పిన్నికి ఒంట్లో బాగాలేదు కదా, వచ్చాక నెమ్మదిగా చెబుదాంలే అని వారం నెట్టాను. నా మీద నాకు అసహ్యం వేసేది ఇక్కడే. అబద్ధం ఒక్క నిమిషంలో నోటికొచ్చింది, నిజానికి మాత్రం ముహూర్తం వెతికాను.

ఎనిమిదో రోజున టీ కొట్టు దగ్గర సూట్ల మాస్టరు కలిశాడు. మీరు ముందే చెప్పడం మంచిదైంది అన్నాడు. ఏం చెప్పాను అన్నాను. అదే, పిన్ని చూపు సంగతి. మావి నల్ల గుడ్డ మీద నల్ల దారం పని, చూపు ఆననివాళ్లకి ఎలా ఇస్తాం, అందుకే ఆపేశాం అన్నాడు. ఆడవాళ్ల బట్టల ఆవిడా ఆపేసిందట. యూనిఫాంల షాపువాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారట. అందరూ నా పోస్టే చదివారు. చదివి, మెచ్చుకుని, ఆమె మూటలు ఆపేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే, గీత తప్పు గీసింది నేను, ఆమె వచ్చి అడిగినా వినలేదు, ఆమె చూపుకి ఏమీ కాలేదు అని చెప్పాను.

ఆయన నవ్వి నా భుజం తట్టాడు. "మీరిలా అంటారని నాకు తెలుసు మాస్టారూ. ఆవిడ మీద మాట పడకూడదని మీ మీద వేసుకుంటున్నారు. మీ మనసు మాకు తెలీదా?"

ఒట్టు వేశాను. ఎంత గట్టిగా చెబితే ఆయన కళ్లకు నేను అంత మంచివాణ్నయిపోయాను. మిగతా రెండు షాపుల్లోనూ అదే వరస. ఇంటికొచ్చి నిజం రాస్తూ పోస్టు తయారుచేశాను. మా ఆవిడ చదివి, చివర నాలుగు లైన్లు తీసేయమంది. తప్పు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నేను వివరించిన లైన్లు అవి. తీసేశాను. మూడే వాక్యాలు మిగిలాయి, గీత నాది, అబద్ధం నాది, ఆమె తప్పు లేదు అని. అవే పెట్టాను. గంటలో క్షమించిన పోస్టు కంటే ఎక్కువ లైకులు వచ్చాయి. ఎంత పెద్ద మనసు, తన దగ్గర పనిచేసే మనిషి తప్పును నెత్తిన వేసుకున్న మాస్టారు అని రాశారు. మాటలేనా చేతలున్నాయా అని అడిగినవాడు కూడా, మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను, మన్నించండి అన్నాడు. వాడొక్కడే నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నవాడు, చివరికి వాణ్నీ చెడగొట్టాను.

ఆ మర్నాడు పిన్ని గదికి వెళ్లాను. మెట్ల దాకా లాండ్రీ ఆవిరి వాసన. తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర కూర్చుని ఒక నల్ల గుడ్డముక్క మీద నల్ల దారంతో కాజాలు కడుతోంది. గుడ్డంతా కాజాలే, వరసలు వరసలుగా యాభైకి పైనే ఉంటాయి. ఏ షాపువాళ్లూ ఇచ్చిన పని కాదది. ఎవరివి పిన్నీ అని అడిగాను.

"ఎవరివీ కావు మాస్టారూ. నాకే అనుమానం వచ్చింది" అంది. "అందరూ అంటున్నారు కదా, నిజంగానే చూపు పోయిందేమో. ఆ రోజు గీత ఎడమ పక్కన ఉన్నట్టు నాకే అనిపించిందేమో. మీరెందుకు అబద్ధం చెబుతారు?"

నా బతుకులో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. ఆమె కొడుతున్నానని కూడా అనుకోలేదు.

"గీత ఎడమ పక్కనే ఉంది పిన్నీ" అన్నాను. "నువ్వు సరిగ్గానే చూశావు. వచ్చి అడిగావు కూడా. నేను వినలేదు. అందరి ముందూ అబద్ధం ఆడాను, తర్వాత దాన్నే మంచితనంలా రాసుకున్నాను."

ఆమె సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "ఆ రోజే అనుంటే అయిపోయేది కదా" అంది.

కాసేపటికి తనే లేచి, ఆ నల్లగుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, పదండి అంది. సూట్ల షాపుకి వెళ్లాం. నా మాట నమ్మని మాస్టరు ఆ గుడ్డను వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంటి దగ్గర ఎవరైనా సాయం చేశారేమోనన్నట్టు, ఇక్కడే ఒకటి చేసి చూపించమన్నాడు. గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుని ఆమె ఇత్తడి తొడుగు పెట్టుకుంది. నేను ఆమె సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను. అక్కడున్న కుట్టుపనివాళ్లలో ఇద్దరికి చేతి కాజా నేర్పింది ఆమే. వాళ్లు తలలు వంచుకుని మిషన్లు తొక్కుతున్నారు. ముప్పై నాలుగేళ్లు పని చేసిన మనిషి నావల్ల అందరి ముందూ పరీక్ష రాస్తోంది. ఆ కాజా కట్టడానికి పట్టిన కాసేపట్లో నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను.

సూట్ల పని తిరిగి ఇచ్చారు. ఆడవాళ్ల బట్టల ఆవిడ ఇదివరకటి పనిలో సగం ఇస్తానంది. యూనిఫాంల షాపులో కొత్తమనిషి కుదురుకుంది, ఆ మూట పోయినట్టే. దాన్ని నేను ఏ పోస్టు పెట్టీ తిరిగి తేలేను.

తర్వాతి సోమవారం పిన్ని మా షాపుకి వచ్చింది. ఆ మూలకు కొత్త లైటు పెట్టించాను. దాన్ని ఫొటో తీసి పెట్టలేదు. పెట్టలేదని మళ్లీ ఇక్కడ రాస్తున్నాను చూడండి, నా సంగతి అదీ. పేజీ జోలికి పోవడం లేదు. మంచి మాట ఏదీ మాస్టారూ అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

ఆ రోజు మొదటి చొక్కా తీసుకుని, బొత్తాం గీత మీద పెట్టి, కత్తెర మొన ఆనించి పిన్ని ఆగింది.

"ఇక్కడేనా మాస్టారూ?"

బల్ల చుట్టూ తిరిగి వెళ్లి చూశాను. గీత సరిగ్గానే ఉంది. ఇక్కడే పిన్నీ అన్నాను. కోసింది. వచ్చి కూర్చునేలోపు రెండో కాజా. ఇక్కడేనా మాస్టారూ? మూడోదానికీ అంతే. ఎత్తిపొడుస్తోందనుకున్నాను. అదే అయితే బాగుండునని నిజంగా కోరుకున్నాను, పడి ఉందును. వంగి ఆమె మొహం చూశాను. అందులో ఎత్తిపొడుపు లేదు. సుద్ద గీత మీద కత్తెర మొన ఆగి ఉంది. నేను వచ్చి, వేలు పెట్టి చూపించి, ఇక్కడే అనేదాకా ఆ చెయ్యి కదలడం లేదు.

పిన్నీ, నీకు తెలుసు కదా, నువ్వే కోసెయ్యి అని ఎన్నోసార్లు చెప్పాను. సరే అంటుంది. మళ్లీ అడుగుతుంది.

చొక్కాకి ఏడు కాజాలు. నిన్న ఆరు చొక్కాలు వచ్చాయి. నలభై రెండుసార్లు లేచి వెళ్లాను.